గడప బయట పెదమావ

పద్మకుమారి ప్రెసిడెంటై మూడు నెలలైంది. శ్రీముఖలింగానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో పిల్లా పెద్దా అందరూ ఏదో ఒక పనిమీద పంచాయతీ ఆఫీసుకు వచ్చి వెళ్లారు. పెదమావ అప్పలసూరి మాత్రం ఇంతవరకూ గడప తొక్కలేదు.

అప్పలసూరి ఆమె మామగారికి అన్న, ఆ కుటుంబానికి పెద్ద దిక్కు. సొంత కోడలు కత్తెర గుర్తు మీద నిలబడిందని తెలిసీ, మైకు ఆటోలో కూర్చుని, ఉంగరం గుర్తు గిరిబాబుకే ఓటెయ్యమని వీధివీధీ తిరిగాడు. ఆ మోత ఆమె వంటింట్లోకీ వినబడింది. పదకొండు ఓట్ల తేడాతో ఆమె గెలిచిన రోజున ఊరంతా దండలేస్తుంటే, ఆయన పార భుజాన వేసుకుని పొలానికి పోయాడు. అన్ని దండల మధ్యా ఆమెకు ఏడుపే వచ్చింది.

ఇంట్లో మాత్రం అంతా మామూలే. ఆయన వాకిట్లో అడుగుపెడితే చాలు, ఆమె కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడుతుంది. ఆ ఇంటి కోడళ్లందరిదీ అదే అలవాటు. కాపురానికొచ్చిన ఈ పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఆయన మంచినీళ్లడిగి తాగి, ఆఫీసు మాట ఎత్తకుండా వెళ్లిపోతాడు. ఇక ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? సొంత మనిషే లెక్కచెయ్యని ప్రెసిడెంటని టీకొట్టు దగ్గర చెవులు కొరుక్కున్నారు.

ఆ సోమవారం అటెండరు గంగులు ఒక అర్జీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పొలానికి నీళ్లొదిలే మదుం తలుపు విరిగిందట. ప్రెసిడెంటు సిఫార్సు రాసి సంతకం పెడితే ఇరిగేషన్ వాళ్లకు ఇచ్చుకుంటారట. కింద అప్పలసూరి వేలిముద్ర ఉంది. మనిషేడని అడిగితే, బయట ఎండలో నిలబడ్డాడనీ, ఎంత పిలిచినా లోపలికి రానంటున్నాడనీ చెప్పాడు.

పద్మకుమారికి కడుపు మండింది. తన సంతకం కావాలి గానీ తన మొహం అక్కర్లేదన్నమాట. అర్జీ పట్టుకుని విసవిసా బయటికి నడిచింది.

"నా ఆఫీసు గడప తొక్కితే నామోషీయేటి, పెదమావా?"

అప్పలసూరి కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"నానొస్తే నువ్వు లెగుస్తావమ్మా. ఇంటికాడ లెగిస్తే కోడలు లెగిసినట్టు. ఇక్కడ లెగిస్తే ఊరి ప్రెసిడెంటు లెగిసినట్టు. నా ఒక్కడి కోసం ప్రెసిడెంటు లెగకూడదు."

దాచుకోవడం చేతకాని మనిషి గనక, ఆయన రెండో ముక్క కూడా అనేశాడు.

"ఓటు గిరిబాబుకే ఏసినాను. నువ్వు నామినేషనెయ్యకముందే మాటిచ్చేసినాను. ఆడు మల్లీ నిలబడితే మల్లీ ఏస్తాను."

పద్మకుమారికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. లోపలికెళ్లి కూర్చుంది. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, ప్రెసిడెంటుగారు రమ్మంటున్నారని గంగులు చేత కబురంపింది.

అప్పలసూరి చెప్పులు బయట విడిచాడు. కండువా భుజం మీంచి తీసి చేతపట్టుకున్నాడు. ఆయన అడుగు లోపల పడగానే ఆమె కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఆమె కుర్చీ చేతులు వదల్లేదు. కళ్లనిండా నీళ్లతో అలాగే కూర్చుంది.

ఆయన రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం, ప్రెసిడెంటుగారూ."

సాయంత్రం ఆయన మామూలుగా ఇంటికొచ్చాడు. పద్మకుమారి బియ్యం చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆయన మంచినీళ్లడిగాడు.