ఏడో గుంత దగ్గర భాగ్యమ్మ

పచ్చికకు నీళ్ళు పట్టడం సగంలో ఉండగా కుళ్ళాయప్ప కంటికి సున్నపు గీత కనబడింది. ఏడో గుంత పక్కన, నిన్న లేని గీత. కల్లమంత వెడల్పున గుండ్రంగా ఎవరో సున్నం చల్లి పోయారు. చేతిలో గొట్టం జారి కాళ్ళు తడుస్తున్నా ఆయన కదల్లేదు.

పెనుకొండ కొండల నడుమ ఈ లోయంతా ఇప్పుడు గోల్ఫు మైదానం. చుట్టూ చేలు బీళ్ళు పడినా ఇక్కడ మాత్రం ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్ళు కొండలకు ఫోటోలు తీసుకుని, తెల్ల బంతిని కొట్టుకుంటూ గుంత నుంచి గుంతకు పోతారు. ఏడో గుంత ఉన్నచోట ఒకప్పుడు కుళ్ళాయప్ప వేరుశనగ చేను. ఇంట్లో ఎవరు పోయినా సొంత చేన్లోనే పూడ్చి, తలవైపు బండ నిలబెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఆయన భార్య భాగ్యమ్మనూ కాలి మెట్టెలతోనే అక్కడ పూడ్చారు.

బోర్లు ఎండి చేను అమ్మకానికి పెట్టినప్పుడు, సమాధి ఉన్న భూమిని ఎవరు కొంటారని భయపడి ఆ బండను ఆయనే పెరికి వంకలో పారేశాడు. కొనేవాళ్ళు అడిగితే ఏమీ లేదన్నాడు. మైదానంలో పని ఇస్తామంటే, ఇంకేం, రోజూ ఆమె దగ్గరే ఉండొచ్చని లోలోపల సంబరపడ్డాడు కూడా. పిచ్చి మనిషి! అప్పటినుంచీ ఆ చోటికి పోతే చెప్పులు విడిచేవాడు. తోటివాళ్ళు నవ్వితే బురదకని బొంకేవాడు.

సూపర్‌వైజర్ ప్రసాద్ షెడ్డు దగ్గర టీ తాగుతున్నాడు.

"ఆ సున్నం యాల సార్?"

"ఇసుక గుంత తవ్వుతారు కుళ్ళాయప్పా. బంతి ఆ ఇసుకలో ఇరుక్కుంటేనే ఆటకు మజా. రేపు పొద్దున జేసీబీ వస్తాది."

"ఆడ తవ్వద్దు సార్. మా ఆడమనిషి ఆడ పండుకోనుండాది."

ప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు. పాపం, చెడ్డవాడేం కాదు.

"ఏమప్పా, ఇన్నేండ్లూ చెప్పకుండా ఇప్పుడు చెప్తాండావే? ఏమీ లేదని అప్పుడు నువ్వే అంటివంట. పైనోళ్ళు నమ్మాలంటే గుర్తేమన్నా ఉండాదా?"

గుర్తు! తనే పెరికి పారేసిన బండ కుళ్ళాయప్ప కళ్ళ ముందు మెదిలింది.

"పోనీ, ఈ పొద్దే ఎముకలు తీసి వేరే యాడన్నా పెట్టుకో."

"యాడ పెట్టేది సార్? నాకు జానెడు నేలుండాదా?"

రొద్దంలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి చేని మూల కాస్త చోటు అడిగాడు. భాగ్యమ్మకు సొంత తమ్ముడే.

"పూడ్చిన మనిషిని లేపి మా చేన్లోకి తెస్తావా బావా? పిల్లోల్లుండే ఇల్లు. వద్దు," అని పెట్టేశాడు.

మధ్యాహ్నం ఎండలో కుళ్ళాయప్ప వచ్చి సున్నపు గీత నడుమ కూర్చున్నాడు. అరచేత్తో పచ్చిక నిమిరాడు.

"తప్పయిపాయె భాగ్యా. నిన్ను నేనే అమ్ముకుంటి," అన్నాడు.

ఆటగాళ్ళు తప్పుకోమని దూరం నుంచి కేకలేశారు. ఆయన లేవలేదు. తాగి కూర్చున్నాడనుకుని, బంతిని ఆయన మీదుగానే కొట్టి ఆట సాగించారు. సాయంత్రం ప్రసాద్ వచ్చి భుజం కదిపితే పక్కకు ఒరిగాడు. అప్పటికే ఒళ్ళు చల్లబడింది.

ఊరివాళ్ళు ఆయనను వంక ఒడ్డున, ఎవరిదీ కాని నేలలో పూడ్చారు. తవ్వకం ఒక్కరోజు ఆపమని ప్రసాద్ పైవాళ్ళను బతిమాలి చూశాడు. ఆదివారం పోటీలున్నాయి, కుదరదన్నారు. అక్కడ కుళ్ళాయప్ప మీద మట్టి వేస్తుంటే ఇక్కడ జేసీబీ భాగ్యమ్మ మీది మట్టి తీసింది.

ఆదివారం ఒక ఆటగాడి బంతి కొత్త ఇసుకలో పడింది. బంతిని గుంత దగ్గరికి కొట్టి, ఇసుకతో పాటు లేచిన నల్లటి చిన్న రింగును ఏరుకుని వెళ్ళాడు. పచ్చిక మీద బంతిని తుడవడానికి ఎత్తేముందు, చోటు మరిచిపోకుండా అక్కడ నాణెం పెట్టడం ఆ ఆటలో రివాజు. జేబులో నాణెం లేక ఆ రింగునే పెట్టాడు. తుడిచిన బంతిని తిరిగి అక్కడే పెట్టి కొట్టాడు. అది గుంతలో పడగానే, రింగు మాట మరిచి చప్పట్ల మధ్య ఎనిమిదో గుంతకు నడిచిపోయాడు. భాగ్యమ్మ వెండి మెట్టె పచ్చిక మీద అలాగే ఉండిపోయింది.