గుడ్డ చుట్టిన బ్రేకులు

కొలతలమ్మ అసలు పేరేదో అడిగితే ఇంట్లోవాళ్లే ఓ క్షణం తడుముకుంటారు. మనిషి గడప దాటి లోపలికొస్తే చాలు, టేపు తియ్యకుండానే భుజం ఇంత, నడుం ఇంత అని చెప్పేసే దర్జీ ఆవిడ. వీధి వీధంతా కలిసి ఆ పేరు ఖాయం చేసింది. బట్టల తర్వాత ఆవిడకి ప్రాణమంటే సైకిలే. మామూలు సైకిలు కాదు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్ ఉన్న రేసు సైకిలు. ఆదివారం పొద్దున్నే మొగుడూ పెళ్లాం చెరొకటి ఎక్కి కొండమీది నీళ్ల ట్యాంకు దాకా వెళ్లి రావడం ఏళ్లనాటి అలవాటు.

ఎక్కడానికేం, బాగానే ఎక్కుతుంది. దిగడమే ఈ మధ్య గండమైపోయింది. బ్రేకు నొక్కినప్పుడల్లా బొటనవేలి మొదట్లో సూది దిగినట్టు ఉంటోంది. కిందటి ఆదివారం వాలు చివరి మలుపులో చెయ్యి సరిగ్గా బిగియలేదు. సైకిలు నేరుగా వెళ్లి మొక్కల దుకాణం ముందు కుండీల్లోకి దూసుకుపోయింది. కుండీతో పాటు పరువూ పగిలింది. వెనకాలే వచ్చిన మొగుడు, సిటీ బస్సు డ్రైవరు, ఆవిణ్ణి లేపి మట్టి దులిపి, "ఇక సైకిలు మానెయ్" అన్నాడు. అంతే, ఇంకో ముక్క లేదు.

మానెయ్యాలట! ఎంత తేలిగ్గా అనేశాడో మహానుభావుడు!

నిజం చెప్పాలంటే ఆవిడ భయం సైకిలు గురించి కాదు. షాపులో కోటు గుడ్డ మీద పెద్ద కత్తెర పెట్టి కోస్తుంటే కూడా సరిగ్గా అక్కడే నొప్పి. ఎవరికీ చెప్పలేదు. బ్రేకు గట్టిగా ఉందంటే, ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేం వచ్చిందని అడుగుతారు. అడిగితే మాట కత్తెర దాకా వెళ్తుంది. చెయ్యి పోయిన దర్జీకి ఇంకేం మిగులుతుంది? అందుకే తప్పంతా కేబుల్ మీదకి నెట్టేసి, సైకిలు తోసుకుంటూ ఆడపడుచు షాపుకి వెళ్లింది.

ఆడపడుచు సైకిళ్లు బాగుచేస్తుంది. ఆ షాపులో నూనె మరక లేనిది గోడ మీది గడియారం ఒక్కటే.

"కేబుల్ పట్టేసిందే, మార్చెయ్."

"మొన్నేగా మార్చాను వదినా!"

"అయితే కాస్త నూనె వెయ్యి."

"నూనెతో పొయ్యేది కాదిది. నీ షిఫ్టర్లు పాత రకం." గేరూ బ్రేకూ రెండూ ఉండే ఆ లివర్ని వేలితో తట్టి చూపించింది ఆడపడుచు. "చూడు, నీ వేళ్లకి ఎంత దూరంగా ఉందో. పైనుంచి పట్టుకుని నొక్కితే బోలెడు బలం కావాలి. కొత్త రకంలో చిన్న మర ఉంటుంది. తిప్పితే లివరు వేళ్ల దగ్గరికొస్తుంది. అరచెయ్యి ఆనే చోటూ వెడల్పే."

"ముసలాళ్ల కోసం చేశారు కాబోలు."

"రేసుల్లో కుర్రాళ్లు వాడేవే."

"కుర్రాళ్లు సుఖం మరిగారు, అంతే. కళ్లు మూసుకుని గుడ్డ ముట్టుకుంటే నూలో, ఉన్నో, రెండూ కలిపిందో చెప్పేస్తాను. ఇన్నేళ్లు పట్టుకున్న లివరు, నా చేతికి ఏది సుఖమో తెలియదా?"

"తెలుసుగా? అయితే మూసుకో కళ్లు!"

పనిబల్లకి పక్కపక్కనే రెండు హ్యాండిళ్లు బిగించి ఉన్నాయి. ఒకదానికి పాత రకం, ఇంకోదానికి కొత్త రకం, రెండూ కుడిచేతివే, వాటికి తగిన బ్రేకులతో సహా. కొనడానికొచ్చినవాళ్లు నొక్కి చూసుకోవడానికి పెట్టినవి. చేతికి ఆకారం తెలియకుండా ఆడపడుచు రెండిటికీ మందంగా పాత తువ్వాలు ముక్కలు చుట్టి, వదిన చెయ్యి పట్టుకుని మొదటిదాని మీద పెట్టింది.

కొలతలమ్మ నొక్కింది. సూది దిగింది. మొహంలో మాత్రం కనపడనివ్వలేదు, గట్టి మనిషి. "ఇదేం మొండి ఘటమే తల్లీ! ఇదేనా నీ కొత్త రకం?"

ఆడపడుచు ఆ చెయ్యి తీసి రెండోదాని మీద పెట్టింది.

రెండు వేళ్లు ఆనించగానే లివరు మాట విన్నట్టు దగ్గరికొచ్చింది. నొప్పి లేదు. మళ్లీ నొక్కింది, మళ్లీ లేదు. కొలతలమ్మ మొహం చేటంత అయింది. "ఆఁ! ఇదీ లివరంటే! ఇదే నాది. పాతది పాతదే! చూశావా, చెయ్యి ఎలా గుర్తుపట్టిందో!"

కళ్లు తెరిచేసరికి ఆడపడుచు గుడ్డ విప్పుతోంది. లోపల నిగనిగలాడుతూ కొత్త షిఫ్టరు.

ముందు కొలతలమ్మే నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో దారి తప్పి, ఏడుపులో పడింది.

"చెయ్యి పోతోందే," అంది. "బ్రేకు ఒక్కటే కాదు. కత్తెర కూడా పట్టుకోలేకపోతున్నాను."

ఆడపడుచు స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంది. "అన్నయ్యకి తెలుసా?"

"చెప్తే షాపు మూసెయ్యమంటారు. సైకిలు మానెయ్యమన్నారుగా, ఆ నోటితోనే."

"ముందు డాక్టరుకి చూపించుకో. అన్నయ్యకి నువ్వే చెప్పు, నేను చెప్పను. సరేగానీ, ఏది బిగించను?"

కొలతలమ్మ పైటచెంగుతో మొహం తుడుచుకుంది. కొత్తది బిగించమనడమంటే చెయ్యి బాలేదని ఒప్పుకోవడమే. "నా చెయ్యి దేన్ని మెచ్చిందో దాన్నే బిగించు," అంది.

ఆదివారం ట్యాంకు దగ్గర నీళ్లు తాగి వాలు దిగారు. ఆయన వద్దనలేదు గానీ, బిక్కుబిక్కుమంటూ వెనకాలే వచ్చాడు. కొలతలమ్మ రెండు వేళ్లతోనే నొక్కుతూ, వదులుతూ, దారంతా సైకిల్ని చెప్పుచేతల్లో పెట్టుకుంది. చివరి మలుపు ముందు నెమ్మదిగా ఆపి కాలు నేల మీద ఆనించింది. మొక్కల దుకాణంవాడు కుండీలు లోపలికి జరపబోయి, ఆగిపోయి, సిగ్గుపడ్డాడు.

ఆయన వచ్చి పక్కన ఆగాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది ఆవిడకి.

"ఏవండీ, కత్తెర పట్టుకుంటే చెయ్యి నొప్పెడుతోంది. చాలా రోజులైంది."

"తెలుసు."

"తెలుసా!"

"బండి చప్పుడు బట్టి బ్రేకు అరిగిందో లేదో చెప్పేవాణ్ణి, నీ కత్తెర చప్పుడు తెలియదా? ఇదివరకు ఒక్క ఊపున బల్ల చివరిదాకా పోయేది. ఇప్పుడు మధ్యలో ఆగుతోంది. ఆ చేతికి సైకిలు కూడా బరువెందుకని మానెయ్యమన్నాను."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను." ఆయన హ్యాండిల్ మీది ఆవిడ చేతి వంక చూశాడు, ముట్టుకోలేదు. "డ్యూటీ దిగాక ఖాళీయేగా నేను. నువ్వు గీత గీసివ్వు, కోత నేను కోస్తాను."

కొలతలమ్మకి కళ్లలో నీళ్లు నిండాయి. అయినా నోరూరుకుంటుందా? "కోతలు కొయ్యడంలో మిమ్మల్ని మించినవాళ్లెవరు? అవి నోటితో కోసేవి. గుడ్డ కొయ్యడం వేరు."

"నేర్పు మరి."

ఆవిడ తన కత్తెర ఇంకొకళ్ల చేతికి ఇచ్చిన మనిషి కాదు. కట్టుకున్నవాడైనా సరే, బల్ల దగ్గరికొస్తే చెయ్యి వెనక్కి తీసుకోమనేది. ఆయన వేళ్ల వంక చూసింది. లావుపాటి వేళ్లు, స్టీరింగు రాసి రాసి కాయలు కాచినవి.

"ముందు పాత గుడ్డలే ఇస్తాను," అంది. "గీత దాటారో, ఊరుకోను."