టబ్బు అడుగున మెరుపు

రేసు బట్టలు మెషీన్లో వెయ్యకూడదట. నిప్పుకి ఆగే గుణం పోతుందని పన్నెండేళ్ళ కిందట ఎవరో ఆమె భర్తకి చెప్పారు, అతను ఆమెకి చెప్పాడు. ఆనాటి నుంచి ఆ తొడుగుని చన్నీళ్ళలో నానబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఉతకడం ఆమె పని. ఈసారి దాని ఎడమ భుజం మీద కత్తెర కోత ఉంది. కాలరెముక విరిగిన మనిషి మీంచి బట్ట తియ్యడానికి ఆసుపత్రి నర్సు అడ్డంగా కత్తిరించింది. ఇక పనికిరాని బట్ట. అయినా నానబెట్టింది. చిరిగినదాన్ని ఎందుకు ఉతుకుతున్నావని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె ఉతకడం గోడగడియారం చప్పుడులాంటిది, ఆగిపోతేనే ఎవరికైనా తెలుస్తుంది.

నీళ్ళు వంపేసరికి టబ్బు అడుగున రాగి రంగు పొడి మెరిసింది. చిటికెడు కాదు, చెంచాడు. వేలితో రాసి చూసింది. సన్నటి ఇసకలా గరగరలాడింది.

ఇది మొదటిసారి అయితే బాగుండేది. ఈ ఏడాది రెండో రేసు తర్వాతే ఒకసారి చూసింది. ఇంజినాయిలు మార్చేటప్పుడు చేతులు తొడలకి తుడుచుకోవడం భర్తకున్న పాత అలవాటు. ఆ మరకలోంచి అప్పుడు చిటికెడు మెరుపు దిగింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అందరూ ఉండగానే చెప్పింది. ఇంజిన్ కట్టేది బావగారు, అంటే భర్త అన్నగారు. ఆయన నవ్వి, "ఇంజినన్నాక కాస్త రజను రాలుతుందమ్మా. తిరగలి తిప్పితే పిండి రాలదూ?" అన్నాడు. భర్త పళ్ళెంలోంచి తలెత్తకుండానే, "అన్నయ్య చూసుకుంటాడులే. మరక పోయిందా లేదా చూడు," అన్నాడు. మరక పోయింది. ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి కొత్తేం కాదు. పెళ్ళయిన కొత్తలో నెలకోసారి ఊరుకునేది, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత లెక్క మర్చిపోయింది. ఒకసారి చెప్పి ఊరుకున్న మనిషిని నెమ్మదస్తురాలంటారు, రెండోసారి చెబితే నస అంటారు. ఆ రెండు మాటల మధ్య సందులోనే ఇరవై రెండేళ్ళు కాపురం చేసింది.

నాలుగో రేసులో, మూడో చుట్టు మలుపు దగ్గర, ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక చక్రాలు తిరగడం మానేశాయి. కారు బొంగరంలా తిరిగి టైర్ల గోడకి కొట్టుకుంది. గోడ అవతల నుంచుని ఆమె స్టాప్‌వాచ్ నొక్కడం మర్చిపోయింది. అదింకా తిరుగుతూనే ఉంది, సంచీలో.

*

ఆదివారం మధ్యాహ్నం బావగారు తీర్పు చెప్పాడు. "తమ్ముడు గేరు తప్పించాడు. ఇంజిన్ అతిగా తిరిగింది. అంతే." భుజానికి పట్టీతో కుర్చీలో కూర్చున్న భర్త, తప్పించానో లేదో తనకే గుర్తులేని మనిషి, "అయ్యుండచ్చు అన్నయ్యా," అన్నాడు. తన ప్రాణం పోబోయిన సంగతిలో కూడా ఇతను అన్నగారికి ఎదురు చెప్పలేడు, అనుకుంది ఆమె. కోపం రావాలి. జాలేసింది. నెమ్మదస్తుడనిపించుకోవాలనే జబ్బు ఈ ఇంట్లో తనొక్కదానికే లేదు.

"ఆరు వారాల్లో మళ్ళీ కట్టేస్తా," అన్నాడు బావగారు. "వీడి భుజం అప్పటికి కుదరదు. పాపని నడపనీ. ఏమే, నడుపుతావా?"

పాపకి ఇరవై ఏళ్ళు. చిన్న కార్ల పోటీల్లో రెండేళ్ళుగా నడుపుతోంది. "పెదనాన్నా, నిజంగానా?" అని ఎగిరి గంతేసింది. అత్తగారు సంతోషించి, "ఇంటి ఇంజిన్ ఇంటి చేతుల్లోనే ఉండాలి. బయటివాళ్ళనేం నమ్ముతాం?" అంది.

ఆమెకి టబ్బు అడుగు కనిపించింది. అందులో ఈసారి నానుతున్న తొడుగు చిన్న సైజుది.

"ఇంకెవరికైనా ఒకసారి చూపిద్దాం," అంది.

బావగారు చిన్నగా నవ్వాడు. "చూపించు తల్లీ. రజను కనిపెట్టినదానివి. ముక్కలన్నీ షెడ్డులోనే ఉన్నాయి, శుభ్రంగా కడిగి పెట్టాను. పట్టుకెళ్ళి షోకేసులో పెట్టుకున్నా సరే."

ఎగతాళే, అయినా అనుమతి అనుమతే. మర్నాడే తల్లీకూతుళ్ళు ఇంజిన్ ముక్కలని పాత దుప్పటిలో చుట్టి కారు డిక్కీలో పెట్టారు. ఇంజిన్ నడుమ తిరిగే ఇనప ఇరుసు, క్రాంక్ షాఫ్ట్, దాని బరువుకి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. వీధి గుమ్మం దగ్గర భర్త నుంచుని ఉన్నాడు. ఒంటిచేత్తో డిక్కీ తలుపు ఎత్తి పట్టుకున్నాడు.

*

మొదట వెళ్ళింది ఊళ్ళో అందరూ చెప్పుకునే పెద్ద వర్క్‌షాపుకి. నేల మీద అన్నం వడ్డించుకుని తినచ్చు, అంత శుభ్రం. గోడనిండా రేసుల్లో గెలిచిన కప్పులు. యజమాని పాపతోనే మాట్లాడాడు. "నాన్నగారు రాలేదా? ఆంటీకి కూల్ డ్రింకు ఇవ్వండయ్యా." ఆమె సంచీలోంచి ఆ ఇరుసుని పట్టి ఉంచే బేరింగ్ చిప్ప, అరిగిపోయినది, తీసి బల్ల మీద పెట్టింది. పైన ఉండాల్సిన బూడిద రంగు పూత లేచిపోయి లోపలి రాగి బయటపడింది. "ఇదెందుకు పోయిందండీ?" అని అడిగింది. అతను దాన్ని చూడకుండానే పక్కకి జరిపాడు. "పాతవి ఎందుకండీ తవ్వుకోవడం? నేను కట్టే ఇంజిన్ గుర్రంలా పరిగెడుతుంది. ఇప్పటిదాకా నాది ఒక్కటీ పోలేదు."

కారెక్కాక పాప, "మంచివాడే కదమ్మా?" అంది.

"ఒక్కటీ పోలేదన్నాడే, అక్కడే అనుమానం. నేను ఇరవై రెండేళ్ళుగా వండుతున్నాను. ఒక్కరోజు కూడా మాడలేదంటే నమ్ముతావా?"

పాప పడీ పడీ నవ్వింది. "నెలకి రెండుసార్లు మాడుతుంది."

రెండో చోటు చెబితే భర్త ముందే వద్దన్నాడు. "తెలీదుగారి దగ్గరికా? ఆయన్ని ఏమడిగినా మొదట తెలీదంటాడు. రేసుల్లో అందరూ నవ్వుతారు." నవ్వుతారన్న మాట వినే ఆమెకి వెళ్ళాలనిపించింది.

తెలీదుగారిది వెనక సందులో రేకుల షెడ్డు. అరవై ఏళ్ళ మనిషి, మెడలో తాడుకి కట్టిన కళ్ళద్దాలు. వాళ్ళని చూసి ముందు స్టూలు గుడ్డతో తుడిచి ఆమెకి వేశాడు. తర్వాత దుప్పటి విప్పి, ముక్కలని ఒక తెల్లబట్ట మీద ఇంజిన్లో ఉండే వరసలోనే పేర్చుకున్నాడు. పది నిమిషాల పాటు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"ఎందుకు పోయిందండీ?" ఆమె అదే ప్రశ్న వేసింది.

"తెలీదమ్మా." పాప నవ్వు ఆపుకుంది. "కడిగేశారు కదా. ఎవరో మంచి ఉద్దేశంతోనే కడిగుంటారు. కానీ కడిగిన గిన్నె చూసి ఏం వండారో ఎలా చెప్పను? వేడి, ఆయిలు ప్రెషరు, ఎవరైనా రాసి పెట్టారా?"

ఆమె సంచీలోంచి పుస్తకం తీసింది. ముందు పేజీల్లో పప్పు, సబ్బులు, పాప ఫీజు గడువు, అత్తగారి మాత్రల వేళలు. వెనక నుంచి తిప్పితే పన్నెండేళ్ళ అంకెలు. హెల్మెట్ తీస్తూ భర్త గొణిగే ప్రతి అంకెనీ ఆమె రాసుకుంది. రాయమని ఎవరూ అడగలేదు. అలవాటైపోయింది. తెలీదుగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వెనక పేజీలు ఒక్కొక్కటే చదివాడు. ఆమెకి వింతగా ఉంది. తన అక్షరాలని ఒక మనిషి ఇంత శ్రద్ధగా చదవడం చూసి ఎన్నేళ్ళయింది? ఉత్తరం చదువుతున్నట్టు చదువుతున్నాడు.

"ఈ సీజన్‌కి ముందు ఇంజిన్ విప్పి కట్టారా?"

"కట్టారు. క్రాంక్ షాఫ్ట్ సాన పట్టించారు."

"అక్కడి నుంచే ప్రెషరు పడిపోతోంది చూడండి. రేసు రేసుకీ కాస్త. ఇక్కడ 'మెరుపు' అని రాశారు, రెండో రేసు. ఏమిటది?"

టబ్బు సంగతి చెప్పింది. ఆయన నవ్వలేదు. సన్నటి పొడుగు బ్రష్ తీసుకుని, క్రాంక్ షాఫ్ట్‌లో ఆయిలు వెళ్ళే రంధ్రం మూత మరని శ్రమపడి విప్పి, బ్రష్ లోపలికి పోనిచ్చి తిప్పి, తెల్లబట్ట మీద దులిపాడు. నల్లటి ఇసక రాలింది. ఇంకోసారి. ఇంకా రాలింది.

"సాన పట్టినప్పటి పొడి," అన్నాడు. "ఈ మూతలు విప్పి లోపల కడగాలి. పైపైన కడిగి కట్టేశారు. ఆయిలుతో కలిసి అదే కొద్దికొద్దిగా బయటికొచ్చి బేరింగుల్ని తినేసింది. మీ టబ్బులో మెరిసింది వాటి రాగే. డ్రైవరు తప్పేం లేదు."

ఆమె ఆ నల్లపొడిని చూస్తూ, "జేబులు తిరగెయ్యకుండా ఉతికారు," అంది.

తెలీదుగారు బ్రష్ కింద పెట్టి ఆమె వంక చూశాడు. "నలభై ఏళ్ళ నుంచి కుర్రాళ్ళకి ఇది నేర్పలేక చస్తున్నాను. ఇంత తేలిగ్గా చెప్పచ్చని తోచలేదమ్మా."

గోడవారన అద్దాల బీరువా ఒకటి ఉంది. కప్పులు కావు, విరిగిన ముక్కలు. ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ. పాప దగ్గరికెళ్ళి పైకి చదివింది. "నా తప్పు. పాత బోల్టు మళ్ళీ వాడాను. నా తప్పు. తొందరపడ్డాను. నా తప్పు. డ్రైవరు శబ్దం తేడాగా ఉందంటే వినలేదు."

"ఇవన్నీ మీరు కట్టినవేనా?" అంది ఆమె.

"నావే. కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు బీరువా చూపిస్తాను. చూసి సగంమంది వెళ్ళిపోతారు."

మిగతా సగంలో చేరాలని ఆమె అప్పుడే నిశ్చయించుకుంది. "మా పాప నడుపుతుంది," అంది. "ఆరు వారాల్లో అవుతుందా?"

"తెలీదు. తొమ్మిదైనా పట్టచ్చు. అమ్మాయి ఎక్కాల్సిన మొదటి రేసు పోతుంది."

ఆమె కూతురి వంక తిరిగింది. పాప ఇంకా ఆ చివరి చీటీ దగ్గరే ఉంది. అద్దం మీద వేలు పెట్టి, "పోనీ అమ్మా," అంది.

*

బావగారికి ఆమే ఫోను చేసింది. భర్త ఎదురుగానే కూర్చున్నాడు, వద్దన్నట్టు చెయ్యి ఊపుతూ.

"అంటే, నా తప్పంటావా?" అన్నాడు బావగారు. గొంతులో ఎగతాళి లేదు, బెదురుంది. తమ్ముడి విరిగిన ఎముక ఆయనకీ గుర్తొచ్చి ఉంటుంది.

"ఒకటి మీది బావగారూ. మూతలు విప్పలేదు. రెండోది నాది. ఒకసారి చెప్పి ఊరుకున్నాను. ఇంజిన్ తెలీదుగారే కడతారు. మీరు కూడా వచ్చి చూడండి, పక్కనుండనిస్తారట. మీరు రాకపోతే పాప కారెక్కదని బెదిరించనులెండి. వచ్చినా రాకపోయినా ఇంజిన్ అక్కడే ఉంది."

"సందు పేరేంటన్నావు?" అన్నాడు బావగారు.

ఫోను పెట్టేశాక భర్త, "రెండుసార్లు చెప్పాల్సింది నువ్వు," అన్నాడు నెమ్మదిగా. వెంటనే నాలిక కరుచుకుని, "కాదులే. మొదటిసారే నేను వినాల్సింది," అన్నాడు. ఆ మాట కోసం ఆమె ఎదురుచూడలేదు. అయినా వచ్చింది. లేచి వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

తొమ్మిది వారాల తర్వాత, కొత్త ఇంజిన్ మొదటి ప్రాక్టీసు అయిన సాయంత్రం, పాప తన తొడుగు తెచ్చి స్నానాలగదిలో పడేసింది. ఆమె వెనక పేజీ తెరిచి అంకెలు రాసుకుంటోంది. భర్త గుమ్మంలో నుంచున్నాడు. భుజం పట్టీ తీసేసి వారం అయింది.

"నానబెట్టలేదా?" అన్నాడు.

"లేదు." కలం ఆపకుండానే చెప్పింది. "చన్నీళ్ళు. అరగంట. ముందు జేబులు తిరగెయ్యండి. నీళ్ళు వంపేటప్పుడు అడుగు చూడండి. మెరిస్తే నాకు చెప్పండి. నేను వినకపోతే మళ్ళీ చెప్పండి."

కొళాయి తిప్పిన చప్పుడయింది. కాసేపటికి, టబ్బు పక్కన మోకాళ్ళు ఆనిన చప్పుడు.