ఇంకో నలుగురే కదా

“ఇంకో నలుగురే కదా! చేసే చేత్తో రెండు గ్లాసులు ఎక్కువ పొయ్యి, అయిపోతుంది,” అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అతను వంటింట్లో అడుగుపెట్టింది మంచినీళ్ళ కోసమే, అదీ ఆవిడ ఇంట్లో లేనప్పుడు. ఇప్పుడు దేశం మారింది, ఇల్లు మారింది. అతను గుమ్మం దగ్గరే ఆగడం మాత్రం మారలేదు.

ఆవిడ బియ్యం కడుగుతోంది. అద్దెకి తీసుకున్న ఆ రెండు గదుల ఇంట్లో పెద్ద గిన్నె లేదు. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బుని సబ్బు పెట్టి తోమి, వేడినీళ్ళు పోసి కడిగి, అందులో బియ్యం కడుగుతోంది. ఉన్న చిన్న గిన్నెలోనే దఫదఫాలుగా వండి దించాలి. చేసే చేత్తో అట! ఆ చెయ్యి తనది కాదుగా, ఎన్నిసార్లైనా అంటాడు.

జరిగిందేమిటంటే, ఎక్కడో సముద్రం అవతల ఒక అగ్నిపర్వతం పేలింది. బూడిద ఆకాశానికెక్కింది. విమానాలు నేలకి దిగి కూర్చున్నాయి. భర్త, అత్తగారు, భర్త అక్కగారు, తను, నలుగురూ వారం రోజులు ఊళ్ళు చూద్దామని ఈ దేశం వచ్చి, సరిగ్గా తిరుగు ప్రయాణం నాడు ఇరుక్కుపోయారు. తమాషా ఏమిటంటే ఆ బూడిద ఇక్కడెవరికీ కనపడలేదు. కిటికీలోంచి చూస్తే ఆకాశం తోమి బోర్లించిన పళ్ళెంలా తళతళలాడుతోంది. టీవీలో చెప్పారు కాబట్టి నమ్మాలి.

విమానాశ్రయంలో బోర్డు మీద అన్నీ రద్దు అని పడగానే అందరూ లబోదిబోమన్నారు. ఆవిడ కూడా మొహం దిగాలుగానే పెట్టింది గానీ లోపల మాత్రం చిన్నపిల్లలా గంతేసింది. ఎందుకంటే ఆవిడకి ఒక పడవ బాకీ ఉంది.

ఆ ఊరి రేవులో ఒక పడవ ఉంది. జనాన్ని ఎక్కించుకుని ఎదురుగా ఉన్న లంక దాకా వెళ్ళి, దీపస్తంభం చుట్టూ తిరిగి వెనక్కొస్తుంది. వచ్చిన మొదటి రోజే హోటల్ గదిలోంచి చూసింది దాన్ని. ఎందుకో తెలీదు, ఎక్కాలనిపించింది. ఈ ప్రయాణం మొత్తంలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సరే అన్నారు. ఎక్కే రోజు పొద్దున్న అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి. “నువ్వు అమ్మ దగ్గరుండు, మేం వీడియో తీసుకొస్తాంలే,” అన్నాడు భర్త. మాట మీద నిలబడే మనిషి, తెచ్చాడు కూడా. ఆ వీడియో నిండా అతని మొహమే. మొహం వెనకాల అక్కడక్కడా కాస్త సముద్రం ఉంది.

ఇప్పుడు ఇన్ని రోజులు అయాచితంగా దొరికాయి కదా, ఇంకెవరూ అడ్డురారు అనుకుంది పిచ్చిది. ఆ సాయంత్రమే భర్త ఈ ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. “హోటల్లో కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. పైగా అమ్మకి ఇక్కడి తిండి పడట్లేదు. పొయ్యి ఉంది, గిన్నెలున్నాయి, నువ్వు ఇంత ఉడకేసి పడేస్తే చాలు.” పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే. హోటల్లో ఉన్నన్నాళ్ళు కనీసం ఎవరో వండితే తింది.

అక్కడితో ఆగినా బావుండేది. భర్త రోజూ పొద్దున్నే విమానాల కబురు కనుక్కోవడానికి వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు ఒకరినో ఇద్దరినో వెంటబెట్టుకొచ్చేవాడు. మొదట రిటైర్డ్ హెడ్‌మాస్టారు. “పాపం పెద్దాయన, బ్రెడ్డు ముక్కలు నమిలి పడుకుంటున్నాడు.” తర్వాత పెళ్ళై నెల తిరగని జంట. ఆ తర్వాత బట్టల వ్యాపారి, అతని తమ్ముళ్ళు. అందరూ అదే విమానం ఎక్కాల్సిన వాళ్ళు, అందరిదీ మన భాషే. వాళ్ళని చూస్తే ఆవిడకీ జాలే. కానీ జాలి పడేది అతను, వండేది ఆవిడ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అతను పొద్దస్తమానూ ఆవిడ నడుముని దానం చేస్తున్నాడు.

ఒకరోజు భోజనాలయ్యాక హెడ్‌మాస్టారు లేచి గొంతు సవరించుకున్నారు. “పరాయి దేశంలో ఆకలితో అల్లాడుతున్న మాకు పిలిచి అన్నం పెట్టిన మహానుభావుడు. ఇవాళ్టి నుంచి ఈయన పేరు అన్నదాత!” అందరూ చప్పట్లు కొట్టారు. భర్త సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని, “అబ్బే, నాదేముందండీ,” అన్నాడు. ఆ ఇంట్లో అతను మాట్లాడిన నిజం అదొక్కటే. వంటింట్లోంచి వింటున్న ఆవిడ చేతిలో మాడిన గిన్నె ఉంది. గోకుతూనే ఉంది.

“మా వాడి చేతికి ఎముక లేదమ్మా, చిన్నప్పట్నించీ అంతే,” అంది అత్తగారు, కిటికీ దగ్గరి మెత్తటి కుర్చీలో కూర్చుని మురిసిపోతూ. అవును, అతని చేతికి లేని ఎముకలన్నీ నా చేతుల్లోకి వచ్చి పడ్డట్టున్నాయి, అందుకే ఇంత పీకుతున్నాయి అనుకుంది ఆవిడ. అత్తగారిని అనడానికీ నోరు రాదు. ఒకప్పుడు ఇంటినిండా బంధువులకి వండి వండి అరిగిన మోకాళ్ళే అవీ. అరిగినవాళ్ళకైనా అర్థం కావాలి కదా, కాదు! అదే ఒళ్ళు మండేది. వదినగారు ఒకనాడు ఉల్లిపాయలు తరుగుతానని వచ్చి, కళ్ళు మండుతున్నాయని సగంలో వెళ్ళిపోయింది. “నీకలవాటేగా అమ్మాయ్,” అంది వెళ్తూ.

“అక్కా, మీరు తిన్నారా?” అని అడిగింది ఒక్క కొత్త పెళ్ళికూతురే. ఆ మాటకి ఆవిడకి చటుక్కున కళ్ళనీళ్ళొచ్చాయి. తినలేదు. గిన్నెలో అడుగున మాడు తప్ప ఏమీ లేదు. “తిన్నాలే,” అంది. ఇన్నేళ్ళుగా చెప్పి చెప్పి ఆ అబద్ధం నాలిక మీదే ఉంటుంది.

మధ్యలో ఆఫీసు నుంచి ఫోను. ఇన్సూరెన్సు ఆఫీసులో ఆవిడ సీనియర్, మేనేజరు ఆవిడ తర్వాత చేరినవాడు. మీటింగుల్లో అందరికీ టీ పోయమని చనువుగా అడుగుతాడు, “మీరు పోస్తే రుచే వేరు మేడమ్,” అని. ఇప్పుడూ అదే చనువు. “ఎలాగూ అక్కడ ఖాళీగానే ఉన్నారుగా మేడమ్, ఆ క్లెయిములు కాస్త చూసి పంపండి.” ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో ఫోన్లో క్లెయిములు చూసింది. ఖాళీ అంటే ఏమిటో ఎవరైనా చూపిస్తే బావుండు అనుకుంది.

ఒక్కసారి అడిగి చూసింది. “ఏవండీ, రేపొక్క పూట వీళ్ళంతా బయట తింటే... నేను ఆ పడవ ఎక్కి వస్తాను.” భర్త ఆవిడ వంక వింతగా చూశాడు. “జనం అవస్థల్లో ఉంటే నీకు పడవ సరదా ఏమిటి? అయినా వీడియో చూశావుగా!”

చివరికి ఒకరోజు విమానాలు కదిలాయి. భర్త పరుగున వచ్చాడు. “సీట్లిచ్చారు! కాకపోతే మనకి మూడే. నాలుగోది రెండు మూడు రోజుల్లో ఇస్తారట.” అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎవరుండాలి అన్న చర్చే రాలేదు. “అమ్మ పెద్దది, అక్కకి స్కూల్లో ఉద్యోగం, నాకు ఆఫీసు,” అన్నాడు భర్త. “నాకూ ఆఫీసుందండీ,” అంది ఆవిడ. “నీదేముంది, సెలవు పెడితే సరి. ఈ ఇంటికి వారం చివరిదాకా అద్దె కట్టేశాం, వృథా పోకూడదు. పైగా వీళ్ళెవరికీ ఇంకా సీట్లు రాలేదు. నువ్వుంటే వాళ్ళకీ ఇబ్బందుండదు. నువ్వెలాగైనా సర్దుకుంటావుగా!” అన్నాడు. అత్తగారు ఏదో అనబోయింది. “ఆడకూతురు ఒక్కతే...” అని. “ఒక్కతేమిటమ్మా, ఇంతమంది మనవాళ్ళుంటే!” అన్నాడు.

వెళ్తూ వెళ్తూ టాక్సీ దగ్గర అందరికీ దణ్ణాలు పెట్టాడు. “నేను లేకపోయినా మీ భోజనానికి లోటు లేదు. మా ఆవిడ ఉంది!” మళ్ళీ చప్పట్లు. ఆవిడకి చెప్పింది మాత్రం ఒక్కటే, పొయ్యి కట్టేసిందో లేదో రెండుసార్లు చూసుకోమని. జాగ్రత్త అనలేదు. ఇంటికి తాళం వేసేవాళ్ళు లోపలి మంచానికీ బీరువాకీ జాగ్రత్తలు చెప్తారా ఏమిటి?

మర్నాడు పొద్దున్న ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అలవాటుగా పొయ్యి దగ్గరికెళ్ళింది. బియ్యం సంచీ విప్పింది. అంతలో కిటికీ దగ్గరి మెత్తటి కుర్చీ కనపడింది, ఖాళీగా. వెళ్ళి కూర్చుంది. ఈ ఇంటికొచ్చాక అందులో కూర్చోవడం అదే మొదటిసారి. అక్కణ్ణించి రేవు కనపడుతోంది. పడవ అప్పుడే బయల్దేరుతోంది. ఇన్నాళ్ళూ అత్తగారు రోజూ చూస్తూ కూర్చున్నది దీన్నా! ఒక్కసారి కూడా చెప్పలేదే. కోపం ఎంత ముంచుకొచ్చిందంటే, ఆవిడ ఆ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

తలుపు తట్టారు. హెడ్‌మాస్టారు, వెనకాల బట్టల వ్యాపారి, తమ్ముళ్ళు, కొత్త జంట. “ఏమ్మా, ఇవాళేం వండుతున్నావు?”

“నేనేం వండట్లేదు మాస్టారూ. బియ్యం సంచీలో ఉన్నాయి, కూరలు ఆ బుట్టలో ఉన్నాయి, పొయ్యి అదిగో,” అంటూ చెప్పులు వేసుకుంది.

“మాకు వంట రాదు కదమ్మా!” అన్నారాయన, నిజంగానే బిక్కమొహం వేసి.

“అంతమంది పిల్లలకి పాఠాలు చెప్పారు, ఈ ఒక్కటీ మీరు నేర్చుకోండి. టబ్బులో బియ్యం కడగాలి, గిన్నె చిన్నది.” పెళ్ళికూతురి వైపు తిరిగింది. “నువ్వు నాతో వస్తావా? పడవెక్కుదాం.” ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. వెంటనే మొగుడి మొహం చూసింది. అతను పొయ్యి వంక చూశాడు. “మీరు వెళ్ళిరండక్కా,” అంది ఆ పిల్ల మెల్లిగా, చేతులకున్న గాజులు పైకి తోసుకుంటూ. చెయ్యి పట్టుకుని లాక్కెళ్దామా అనుకుంది ఆవిడ. తననీ ఆ వయసులో ఎవరైనా లాగి ఉంటే వెళ్ళేదా? వెళ్ళేది కాదు. ఒక్కతే మెట్లు దిగింది.

పడవలో గొప్పగా ఏమీ లేదు. చలిగాలి, డీజిలు వాసన, పక్కన ఎవరో ముసలాయన కునుకుపాట్లు. దీపస్తంభం దగ్గరికెళ్తే రంగు పెచ్చులూడిపోయిన మామూలు కట్టడం. ఇంతోటి దానికా ఇన్నాళ్ళు ఏడ్చాను అనుకుని నవ్వింది. ఆ నవ్వు నవ్వుతుండగానే కన్నీళ్ళొచ్చాయి. ఇంతోటి దానికి కూడా నోచుకోనివ్వలేదు కదా! చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వాటికేం చెయ్యాలో తోచట్లేదు. ఊరికే ఉండండి అని చెప్పింది వాటికి. వెనక్కి రేవుకొచ్చాక దిగకుండా ఇంకో టిక్కెట్టు కొనుక్కుంది.

రెండోసారి లంక దగ్గరున్నప్పుడు ఫోను మోగింది. భర్త ఇల్లు చేరినట్టున్నాడు. “ఏమిటి, మాస్టారు ఫోన్ చేశాడు! వంట లేదన్నావట, పరువు తీశావు కదా! సరేగానీ ముందు నువ్వు బయల్దేరు. ఇక్కడ ఇల్లు ఇల్లులా లేదు. పాలవాడు రాలేదు, అమ్మ మందులు ఏది ఎప్పుడో అక్కకి తెలీదట, నీళ్ళ మోటారు ఎలా వెయ్యాలో ఎవరికీ తెలీదు. కౌంటర్లో అమ్మకి సీరియస్‌గా ఉందని చెప్పు. కాస్త ఏడువు. అలాంటివాళ్ళకి ముందిస్తున్నారట.”

పడవ దిగి తిన్నగా విమానాశ్రయానికే వెళ్ళింది. వరస పొడుగ్గా ఉంది. నిలబడటం ఆవిడకి కొత్త కాదు. కౌంటర్లో అమ్మాయికి నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. “అత్యవసరమైతే ఇవాళే ఒక సీటుంది. ఇంట్లో ఎవరైనా మీ కోసం ఎదురుచూస్తున్నారా?” అని అడిగింది.

ఏడవమన్నాడు. ఏడుపుకి కొదవేముంది, తలుచుకుంటే ధారలే. కానీ ఆ ప్రశ్ననే మనసులో మళ్ళీ అడుక్కుంది ఆవిడ. నా కోసమా? పాలు, మందులు, మోటారు. ఫోనులో విన్న మాటలన్నీ మళ్ళీ ఒకసారి వెతికింది. తను తిందా, తను భయపడిందా, ఒక్కతే ఎలా పడుకుంది అన్న మాట ఏ మూలైనా ఉందేమోనని నిజంగానే వెతికింది. లేదు.

“ఎదురుచూస్తున్నారమ్మా. నా కోసం కాదు,” అంది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. “నాకు తొందర లేదు. అందరికంటే ఆఖర్న వెయ్యండి నన్ను.”

బయటికొచ్చేసరికి మళ్ళీ ఫోను. “సీటు దొరికిందా?”

“దొరికింది.”

“హమ్మయ్య! ఎప్పటికొస్తున్నావు?”

“నేను తీసుకోలేదండీ.”

అతని గొంతు మొట్టమొదటిసారి కంగారుగా వినపడింది. “అదేమిటి? మరి మాకు ఇక్కడ అన్నం ఎవరు పెడతారు?”

“అన్నదాతగారు ఇంట్లోనే ఉన్నారుగా,” అంది ఆవిడ.