గళ్ల సంతకం

ధర్మవరం మగ్గాల వీధిలో ఆంజినమ్మను అందరూ పేపరు చదివే మనిషి అనేవారు. ప్రతి ఆదివారం పొద్దున, యేసన్న టీ అంగడి నుంచి మొగుడు ఆదెన్న తెచ్చిన పేపరు తీసుకుని అరుగు మీద కూర్చునేది. చెవి మీద పెన్సిలు. ఎండ మోకాళ్ల మీదికి వచ్చేదాకా తల ఎత్తేది కాదు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే ఆగమని చెయ్యి చూపించేది. ఇంత శ్రద్ధగా పేపరు చూసేవాళ్లు ఆ వీధి మగవాళ్లలో కూడా లేరు.

ఆంజినమ్మకు చదువు రాదు. వచ్చని ఆమె ఎవరితోనూ చెప్పలేదు. రాదని కూడా చెప్పలేదు. అడిగినవాళ్లే లేకపోతే పాపం ఆమె తప్పేముంది?

ఆమె చూసేది ఆదివారం పుస్తకం చివరి పేజీలో వచ్చే గళ్ల బొమ్మ. అడ్డం పదిహేను గళ్లు, నిలువు పదిహేను, పక్కన అంకెలు, పైన అంకెలు. ఒక వరస పక్కన మూడు, రెండు అని ఉంటే, ఆ వరసలో మూడు గళ్లు కలిపి నల్లగా నింపాలి, సందు వదిలి ఇంకో రెండు నింపాలి. ఎక్కడ నింపాలన్నది పై అంకెలతో సరిచూసి తేల్చుకోవాలి. అన్నీ తేలితే బాతో బిందో బయటపడుతుంది. అక్షరాలు రాకపోయినా అంకెలు ఆమెకు కొట్టిన పిండి. ముప్పై ఏళ్లుగా మొగుడి మగ్గానికి అట్టలు కొట్టేది ఆమే. ఆదెన్న గ్రాఫు కాగితం మీద హంసను గళ్లలో గీస్తే, ఆ గళ్లు వరసవరసకూ లెక్కపెట్టి జాకార్డు అట్టల్లో బెజ్జాలు కొడుతుంది. అట్టలు ఎట్లా చెబితే మగ్గం అట్లా నేస్తుంది. ఇంట్లో బొమ్మ ముందు, లెక్క తర్వాత. పేపర్లో లెక్క ముందు, బొమ్మ తర్వాత. అంతే తేడా.

రెండువేల ఒకటిలో ఆ వీధి ఆడవాళ్లంతా కలిసి పొదుపు సంఘం పెట్టుకున్నారు. సంఘాల మేడం గురువారం వచ్చి, సోమవారం బ్యాంకులో ఖాతా తెరవాలని చెప్పింది. లీడరు మాత్రం సంతకం చేసే మనిషై ఉండాలి, వేలిముద్ర కుదరదంది. ఉన్న పదిమందీ తమ బొటనవేళ్లు చూసుకున్నారు.

"పేపరు చదివే అక్క ఉండాది గదా, ఇంకేం కావల్ల?" అంది మారెక్క. ఆమె పక్కింటి మగ్గం మనిషి.

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఆంజినమ్మ విప్పలేదు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

"నాలుగు దినాలుండాయి. నేను నేర్పిస్తా" అన్నాడు ఆదెన్న.

"ఇన్నేండ్లు నీ మగ్గానికి అట్టలు కొట్టిచ్చి, ఇప్పుడు నీ ముందర పలక పట్టుకోవాల్నా?" అంది ఆంజినమ్మ.

అయినా పలక పట్టుకుంది. కుదరలేదు. మన తెలుగు అక్షరాలకు తిన్నగా నిలబడే బుద్ధి ఎప్పుడుంది? అన్నీ వంకరలే. గుండ్రంగా తిప్పబోతే బలపం విరిగిపోయింది. శుక్రవారం సాయంత్రానికి పలకను తీసి అటక మీద పడేసింది. సోమవారం పదిమందిలో పరువు పోతుందని తలుచుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓదార్చడం ఆదెన్నకు ఎన్నడూ చేతకాలేదు.

ఆదివారం పేపరు మామూలుగానే వచ్చింది. చివరి పేజీలో బొమ్మ మాత్రం ఎప్పటికంటే వెడల్పుగా ఉంది. దాన్ని అన్నం మెతుకులతో అంటించినట్టు చూడగానే తెలుస్తోంది. అంకెలు కూడా అచ్చువి కావు, చేతివి. ఆంజినమ్మ మొగుడి వైపు చూసింది. ఆదెన్న పొద్దున్నే మగ్గం గుంటలో దిగి తెగిన పోగులు అతుకుతున్నాడు. సగంలో వదిలేసిన లెక్క అంటే ఆమెకు పడదు, అసలు మొదలుపెట్టని లెక్క అంటే అంతకంటే పడదు. చెవి మీది పెన్సిలు తీసింది.

మధ్యాహ్నానికి తేలింది.

"ఇదేం బొమ్మప్పా, తలా తోకా లేదు?"

"నీ పేరు" అన్నాడు ఆదెన్న, పోగు మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆంజినమ్మ చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చుంది. తర్వాత అంకెలు లేకుండా ఉత్త గళ్ల మీద అదే బొమ్మ దించింది. వంకరలు లొంగని చేతికి గళ్లు లొంగాయి. పొద్దు గూకే లోపల ఇరవైసార్లు దించింది. ఒక్కసారీ తప్పు పోలేదు.

సోమవారం బ్యాంకులో సారు ఫారం ముందు పెట్టుకుని వివరాలు అడిగాడు.

"భర్త పేరు?"

ఆంజినమ్మ తల దించుకుంది. మొగుడి పేరు పెళ్లాం నోట పలకకూడదు. పెళ్లయిన రోజు నుంచి ఆమె పలకలేదు.

"ఆదెన్న, సార్" అని వెనక నుంచి మారెక్క అందించింది.

తర్వాత సంతకం. ఆంజినమ్మ పెన్ను తీసుకుని, చూపించిన చోట చిన్నచిన్న గళ్లుగా పేరు మొదలుపెట్టింది. పావుగంట పట్టింది. ఆ లోపల సారు టీ తాగి, గ్లాసు కూడా పంపించేశాడు. చివరికి ఫారం అందుకుని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పెట్టి చూశాడు.

"ఏం భాషమ్మా ఇది? తెలుగు కాదు. కన్నడమా?"

ఆంజినమ్మ గళ్లన్నీ మనసులో మళ్లీ లెక్కపెట్టుకుంది. లేదు, ఒక్క గడి కూడా తప్పలేదు. మరి మొగుడే తనను మోసం చేశాడా? పేరు కాని పేరు నేర్పించాడా? వెంట వచ్చిన ఆదెన్న వాకిలి దగ్గర నిలబడి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

మారెక్క ముందుకొచ్చి ఫారం లాక్కుంది. ఆమెకూ చదువు రాదు. కానీ నేత చూసి ఎవరైనా బొమ్మ బాగాలేదంటే మగ్గం వీధిలో ఏ ఆడదైనా చేసే పని ఒకటే. కాగితం తిరగేసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

"మంచి మొహం అవతల ఉండాది, సార్. ఇట్ల చూడండి."

పట్టు చీరను మగ్గం మీద బోర్లా నేస్తారు, మంచి మొహం కిందికి ఉంటుంది. అందుకే పెళ్లి చీర కొంగులో పేరు కావాలన్నవాళ్లకు ఆదెన్న అక్షరాలను ఎప్పుడూ తిరగేసి గీస్తాడు. పెళ్లాం పేరునూ చేతి అలవాటు కొద్దీ అట్లాగే గీసేశాడు. ఆ సంగతి అతనికీ ఇప్పుడే గుర్తొచ్చింది. క్యాలెండరుకు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు.

"ఆం... జి... నమ్మ" అని చదివాడు సారు. "సంతకం ఎప్పుడూ ఇట్లే రావాలమ్మా. మారితే చెల్లదు."

ఇంకో రెండుసార్లు చేయించాడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి గళ్లు లెక్కపెట్టాడు. తన సంతకమే రోజుకో తీరుగా వస్తుందన్న సంగతి గుర్తొచ్చిందో ఏమో, మారు మాట్లాడకుండా ముద్ర గుద్దాడు.

అందరూ ఇంటిదారి పట్టారు. వీధి మలుపులో మారెక్క గొంతు తగ్గించింది. "అంటే అక్కా, ఆ పేపరు..."

"లెక్కలు చేస్తా. చదవను."

మారెక్క నాలుగు అడుగులు నడిచింది. "అన్నతో నాకూ ఒకటి గీపించు. వేలికి ఆ సిరా పూస్తే రెండు దినాలు పోదు, తల్లీ."

మరుసటి ఆదివారం పేపర్లో మళ్లీ అంటించిన కాగితమే ఉంది. ఈసారి చిన్నది. ఆంజినమ్మ అరుగు మీద కూర్చుని గంటలో తేల్చింది. మొదట తేలిన గడుల గుంపు ఆమెకు తెలిసినదే, తన పేరుకు కొనలో ఉండేది, పక్కన సున్న మాత్రం లేదు. ఇంకో కొనకు తన పేరు నడుమన ఉండే గుంపు వచ్చి కూర్చుంది, కింద చిన్న తోకతో. మధ్యలోది కొత్తది. ఆమె దాన్ని చూసింది, గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషిని చూసింది, మళ్లీ కాగితం చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చదివినావా?" అన్నాడు ఆదెన్న.

"చదివినా."

"ఏముండాది?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె చదివిన మొదటి మాట అది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆంజినమ్మ పెన్సిలు చెవి మీద పెట్టుకుని, కాగితం మడిచి రవికలో దోపుకుంది.

"నోటితో చెప్పే పేరు కాదులే" అంది.