ఆడవాళ్ల వైపు క్యాసెట్

స్పిరిట్‌లో తడిపిన తెల్లకాగితం ముక్కను వీసీఆర్ హెడ్డుకు ఆనించి, చూపుడు వేలితో అదిమిపట్టి, రెండో చేత్తో ఆ గుండ్రటి హెడ్డును మెల్లగా తిప్పింది హాజిరాబీ. కాగితం మీద సన్నటి బూడిదరంగు గీత పడింది. తాండూరులో నాపరాళ్ల దుమ్ము చేరని చోటు లేదు. మిషన్ మీద రెండు బట్టలు కప్పినా తెల్లారేసరికి లోపలికి వెళ్లిపోతుంది. కాగితం మార్చి మళ్లీ తిప్పింది. ఈసారి గీత పడలేదు. అయినా మూడోసారి తిప్పింది.

పరదా అవతల వేణు దగ్గాడు. అతను ఎప్పుడూ దగ్గిన తర్వాతే పరదా పక్కకు జరుపుతాడు.

"చాచీ, చాయ్ చల్లారిపోయింది."

"తాగుత తీ."

"పొద్దటి సంది దాన్ని తోముతనే ఉన్నవు. పెండ్లిపిల్లనా ఏంది, గట్ల నలుగు పెడ్తున్నవు?"

హాజిరాబీ కాగితం ముక్కను చిన్నగా మడిచి, ఇంకా చిన్నగా మడిచింది.

"వేణు, క్యాసెట్‌కు బూజు పట్టింది, పెడితే మిషన్ ఖరాబైతది అంటే వాపస్ పోతరా?"

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"గంత దూరంకెళ్లి వచ్చినోళ్లు ఊకె పోతరా? ఎట్లున్నా తీసిస్తనని నువ్వే చెప్తవు గద అందరికి." అతను గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

స్టేషన్ రోడ్డులో ఉన్న ఆ షాపు ఒకప్పుడు మొత్తం ఆమె భర్త ఇమాముద్దీన్ స్టూడియో. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు ముందు భాగంలో వేణు జిరాక్సులు తీస్తాడు, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. వెనక పరదా అవతల చిన్న గదిలో పాత టీవీ, వీసీఆర్, కంప్యూటర్ పెట్టుకుని హాజిరాబీ పాత పెళ్లి క్యాసెట్లను డిస్కుల్లోకి ఎక్కిస్తుంది. ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఆడవాళ్ల వైపు క్యాసెట్లే. ఈ చుట్టుపక్కల ముసల్మానుల పెళ్లిళ్లలో మగవాళ్ల వైపు మగవాడు, ఆడవాళ్ల వైపు ఆడమనిషి వీడియో తీయాలి. పరాయి మగవాడు దాన్ని చూడకూడదు. హైదరాబాద్ షాపులో ఇస్తే ఎవరెవరు కూర్చుని చూస్తారో తెలియదు కాబట్టి పరిగి నుంచి, పూడూరు నుంచి కూడా హాజిరాబీని వెతుక్కుంటూ వస్తారు. అందుకే ఆమె టీవీని గోడ వైపు తిప్పి పెట్టుకుంది. గోడకూ టీవీకీ మధ్య రెండు కుర్చీలు పట్టేంత చోటు ఉంది.

మూడు గంటల క్యాసెట్ ఎక్కించడానికి మూడు గంటలూ పడుతుంది. తొందర పెట్టే దారి లేదు. అంతసేపూ ఆమె చూస్తూ కూర్చోవాలి. తను తీసిన పెళ్లికూతుళ్లు ఇప్పుడు నాయనమ్మలయ్యారు. వాళ్లు చేతులకు గోరింటాకు పెట్టించుకుంటూ సిగ్గుపడడం ఆమె మళ్లీ మళ్లీ చూసింది. ఆమెకు పిల్లలు లేరు. ఎవరింట్లో ఏ చెల్లెలు ఎవరితో అలిగిందో మాత్రం ముప్పై ఏళ్ల కిందటిది కూడా చెప్పగలదు.

నిన్న ఫోన్ వచ్చింది. వికారాబాద్ నుంచి ఒక అమ్మాయి గొంతు. "పెద్దేముల్‌ల మా ఖాలా పెండ్లి క్యాసెట్ ఉన్నది. తొంబై ఏడుల అయింది. ఆడోళ్ల వైపు మీరే తీసిండ్రంట గద. రేపు తెస్త."

"యాది లేదు బిడ్డా" అంది హాజిరాబీ.

ఆ సంవత్సరం ఎండాకాలం ఆమె వాడే కెమెరా చెడిపోతే, ఇమాముద్దీన్ వికారాబాద్ నుంచి ఇంకొకటి కిరాయికి తెచ్చాడు. ఆమె సొంత కెమెరాలో కన్ను పెట్టి చూస్తే, అది నడుస్తున్నప్పుడు మూలకు అక్షరాలు కనిపించేవి. ఆపితే పోయేవి. కిరాయి కెమెరాలో రెండు వేళలా ఏవో అక్షరాలు ఉండేవి. నడుస్తోందని ఒకటి, ఆగిందని ఒకటి. హాజిరాబీకి అప్పటికి ఏ భాషలోనూ అక్షరం రాదు. భర్తను అడగడానికి సిగ్గుపడింది. పందిట్లో అడుగుపెట్టేముందు గుండీని ఒకసారి ఎక్కువ నొక్కింది. అంతే, ఆ రోజంతా తలకిందులైంది. ఆమె తీస్తున్నాననుకున్నప్పుడు కెమెరా ఆగి ఉంది. ఆపాననుకుని చేతికి వేలాడేసుకుని తిరిగినప్పుడు అది నడిచింది.

మర్నాడు ఇంట్లో క్యాసెట్ పెట్టి చూస్తే నేల కనిపించింది. పది నిమిషాలు చూసి కట్టేసింది. ఇమాముద్దీన్ టేపు వెనక్కి తిప్పాడు. తర్వాత క్యాసెట్‌ను డబ్బాలో పెట్టి, "ఇచ్చేద్దాం. చూసినప్పుడు చూస్తరు" అన్నాడు.

అడగడానికి ఎవరూ రాలేదు. కానీ పెద్దేముల్ వాళ్లు ఫోటో దిగడానికి వచ్చినా ఆమె పరదా వెనక్కు పోయేది. ఆ పెళ్లికూతురి అక్క ముబీనా చనిపోయిందని ఆ చలికాలమే ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి ఆమె భయం మారింది. అంతకుముందు తిడతారని భయం. తర్వాత, ఇక మళ్లీ తీయడానికి లేనిదాన్ని తాను తీయలేదని భయం. భర్త పోయాక ఆడవాళ్ల చదువు కేంద్రానికి వెళ్లి, తెలుగు నేర్చుకుని, ఇంగ్లీషులోకి వచ్చాక ఆమె మొదట గుర్తుపట్టడం నేర్చుకున్నవి ఆ కెమెరా అక్షరాలే.

పదకొండు దాటాక వేణు దగ్గాడు. పరదా తొలిగింది. లోపలికి వచ్చిన అమ్మాయికి నిండు నెలలు. ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, రెండో చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుంది.

"సలాం ఖాలా. ఫోన్ చేసింది నేనే. కైనాత్."

"కూసో బిడ్డా, కూసో. గిట్ల ఒక్కదానివే వచ్చినవా?"

"రైలుల వచ్చిన. కూసోనికి జాగ దొరికింది." ఆమె ఆయాసం తీర్చుకుని కవరులోంచి క్యాసెట్ తీసింది. "మా ఖాలా ఇల్లు సదురుతుంటే దొరికింది. ఎవ్వరం చూడలే దీన్ని. వీసీఆర్ ఒక్క రాత్రికి కిరాయికి తెచ్చిండ్రంట. మొగోళ్ల క్యాసెట్ ఆడంగ ఆడంగ తెల్లారిందంట. ఆడోళ్ల దాని వంతు రానే లేదంట."

నవ్వింది కైనాత్. హాజిరాబీ నవ్వలేకపోయింది.

"ఇందుల మా అమ్మ ఉంటది. ముబీనా. పెండ్లిపిల్లకు అక్క. మా ఇంట్ల అమ్మ ఫోటో ఒక్కటే ఉన్నది, ఆమె పెండ్లిది. దాంట్ల మొఖం నిండ పూలే. అచ్చం నా లెక్కనే ఉండేదంటరు అందరు. ఏమో."

"నాలుగు దినాలు ఆగి రా బిడ్డా. తీసి పెడ్త."

"శుక్రవారం ఆపరేషన్ ఖాలా. బీపీ మస్తు ఉన్నదన్నరు." కైనాత్ తన చేతుల వైపు చూసుకుంది. "అమ్మ గూడ కాన్పులనే పోయింది. నాకు భయమైతుంది. ఒక్కసారి చూసిపోత. ఈడనే కూసుంట, ఎంతసేపైనా సరే."

హాజిరాబీ క్యాసెట్ మూత ఎత్తి చూసింది. టేపు అంచుల వెంట తెల్లగా బూజు. అబద్ధం చెప్పనక్కర లేదు. బూజు నిజంగానే ఉంది. చూపించి, ఇది ఆడదు అంటే చాలు, ఈ అమ్మాయి లేచి వెళ్లిపోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. కైనాత్ అప్పటికే కుర్చీని టీవీకి దగ్గరగా లాక్కుంది.

"బూజున్నది" అంది హాజిరాబీ. "ఒక్కసారే ఆడుతది. మల్ల ఆడుతదో లేదో. ఆడేటప్పుడే కంప్యూటర్‌లకు ఎక్కాలె."

"సరే ఖాలా."

మెత్తటి బట్టతో అంచులు తుడిచింది. వైర్లు సరిచూసింది. కంప్యూటర్‌లో ఎర్రచుక్క వెలిగింది. క్యాసెట్ లోపలికి తోసి, వేలు గుండీ మీద పెట్టి, కళ్లు మూసుకుని నొక్కింది.

గీతలు వచ్చాయి. తర్వాత నేల. బండల మీద చెప్పులు, ఎవరిదో కొంగు అంచు, ఊగుతూ వెళ్తున్నాయి.

"ఇదేంది?"

"మొదట్ల గిట్లనే వస్తది."

బొమ్మ ఒక్కసారి తెగి, మళ్లీ నేల వచ్చింది. బిర్యానీ డేగిసా అడుగు భాగం. గోరింటాకు పెట్టిన ఒక మడమ. తలుపు కింది గడప. మళ్లీ తెగింది. మళ్లీ నేల. పది నిమిషాలు అలాగే గడిచాయి.

"ఖాలా, మనుషులెప్పుడొస్తరు?"

"రారు బిడ్డా."

కైనాత్ తల తిప్పింది.

"గుండీ తప్పు ఒత్తిన" అంది హాజిరాబీ. "తీసేటప్పుడు ఆగింది. ఆపినంక నడిచింది. దినమంతా గంతే. నాకు అక్షరాలు రాకుండె."

"మీకు ఎరికేనా ఇది?"

"ఎరికే."

"అప్పటి సంది?"

"అప్పటి సంది."

కైనాత్ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, నోటితో గాలి పీల్చుకుంటోంది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఈ పిల్లకు ఇక్కడే ఏమైనా అయితే. హాజిరాబీ నీళ్ల సీసా మూత తీసి అందించింది.

"నీళ్లు తాగు. ఆపనా?"

"ఆపకు."

బొమ్మ కోసం చూడడం మానేశాక మాటలు వినిపించసాగాయి. పందిట్లో గోల, పిల్లల ఏడుపు. ఒక ముసలి గొంతు దగ్గరగా పలికింది. "ఓ వీడియో బీబీ, నన్ను తియ్యకు. నోట్లె పండ్లు లేవు. రేపు జన్నత్‌ల మా ఆయన చూసి, ఇది నాది కాదంటడు."

"మా నానీ, అమ్మోళ్లమ్మ" అంది కైనాత్.

మళ్లీ తెగింది. మళ్లీ నేల. అప్పుడొక పడుచు గొంతు, కొంచెం బొంగురుగా, "బాజీ, జర నేను చూడనా దాంట్ల?" అంది.

"చూడు, ఆపే ఉన్నది. బరువుంటది, భుజం మీద పెట్టుకో." అది హాజిరాబీ గొంతే, ఇరవై ఎనిమిదేళ్ల కిందటిది.

తెరలో నేల జారిపోయింది. పందిరి గుడ్డ, ఫ్యాను రెక్క, ఎవరిదో భుజం పక్కకు ఒరిగి, నిలబడ్డాయి. ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు, టీవీలోంచి కాదు, గదిలోంచే వస్తున్నంత దగ్గరగా. బొమ్మ మెల్లగా కిందికి దిగి చాప మీద ఆగింది. చాప మీద పసుపుపచ్చ గౌను వేసుకున్న ఏడాది పాప రొట్టెముక్క నములుతోంది.

"అరే. చెయ్యి చాపితే అందేటట్టున్నది గని, ఇందుల చూస్తే ఎంత దూరమున్నది నా బిడ్డ."

"దగ్గరికి తెచ్చే గుండీ ఉన్నది. అగో, పైన. ఒత్తు."

పాప ముఖం పెద్దదవుతూ తెరంతా నిండింది. చెంప మీద రొట్టె తునక అంటుకుని ఉంది.

"కైనూ. కైనూ, ఇటు చూడు. ఇటు."

పాప తల ఎత్తింది. తిన్నగా చూసింది. ముందు వెతికినట్టు చూసి, తర్వాత ఎవరో తెలిసి నోరంతా తెరిచి నవ్వింది. ఆ పాప చూస్తున్నది తల్లి ముఖాన్ని. తెరలో ఆ ముఖం లేదు.

కైనాత్ కదల్లేదు. హాజిరాబీ ఆమె వైపు చూడడానికి భయపడింది. ఈ ముక్క తాను ఎప్పుడూ చూడలేదు. ఆ మర్నాడు పది నిమిషాలకే కట్టేసింది.

"బాజీ, నన్ను గూడ తియ్యవా? బిడ్డతోని."

"తియ్యకేం, తీస్త. ఆడ కూసో. బిడ్డను ఒళ్లె పెట్టుకో. ఆ, గట్ల."

గుండీ చప్పుడైంది. బొమ్మ తెగింది.

ఆ తర్వాతిది హాజిరాబీకి గుర్తుంది. ఆ తల్లీబిడ్డలను ఆమె చాలాసేపు తీసింది. కొంగు సర్దుకోమని చెప్పింది, పాపకు గాజులు చూపించి నవ్వించింది. ముబీనాకు అప్పటికి మళ్లీ నాలుగో నెల. ఇంకో అయిదు నెలలకు, కాన్పు కోసం తాండూరుకు తీసుకొస్తుంటే దారిలోనే పోయింది. పుట్టినవాడూ దక్కలేదు.

తెర మీదికి మళ్లీ నేల వచ్చింది. ఇంకాసేపటికి మిషన్ లోపల కీచుమని మోగి, బొమ్మ నలిగి, నీలిరంగు పరుచుకుంది. హాజిరాబీ ముందు కంప్యూటర్ వైపు చూసింది. ఎక్కినంత వరకు ఎక్కింది. నలభై ఒక్క నిమిషాలు.

వేడిగా బయటికి వచ్చిన డిస్కును కాగితం కవరులో పెట్టి, పైన "ముబీనా" అని రాసి ఇచ్చింది. తెలుగులో రాసింది. 'నా' కొంచెం కిందికి దిగింది.

"క్యాసెట్ ఇరికింది. తీసి పంపిస్త."

"ఉండనీ." కైనాత్ కుర్చీ వీపు పట్టుకుని లేచింది. డిస్కును చేతి సంచిలో పెట్టుకోలేదు. చేత్తోనే పట్టుకుంది.

"అయినంక ఫోన్ చెయ్యి బిడ్డా. అర్ధరాత్రైనా సరే చెయ్యి."

కైనాత్ పరదా దగ్గర ఆగింది. "అందరు నన్ను కైనాత్ అనే పిలుస్తరు ఖాలా" అంది, వెనక్కి తిరగకుండా. "కైనూ అని ఎవ్వరనరు."

పరదా పడింది. వేణు ఆటో పిలవడం, రైలుకు ఇంకా టైమున్నదని చెప్పడం వినిపించింది. తర్వాత ఆటో వెళ్లిపోయింది. హాజిరాబీ మనసులో దినాలు లెక్కపెట్టుకుంది. ఇవాళ మంగళవారం. నడుమ రెండు రోజులున్నాయి. పాత భయం దిగిపోతుందనుకుంది, దిగలేదు. దాని పక్కనే శుక్రవారం భయం వచ్చి కూర్చుంది.

క్యాసెట్ బయటికి వచ్చే గుండీ నొక్కింది. మిషన్ మూలిగింది. ఇంకోసారి నొక్కితే ఆ మూలుగు కూడా రాలేదు. ముందున్న చిన్న దీపం ఆరిపోయింది.

అవతల వేణు దగ్గాడు. "చాచీ, పరిగికెళ్లి ఎవరో ఫోన్ చేస్తున్నరు. నాలుగు క్యాసెట్లున్నయంట. తెమ్మననా?"

"ఇగ వద్దని చెప్పు" అంది ఆమె.

వీసీఆర్ మూత సగం తెరుచుకుని ఉంది. దాని అంచు నుంచి జానెడు గోధుమరంగు టేపు బయటికి వేలాడి, ఫ్యాను గాలికి మెల్లగా కదులుతోంది.