రెండు కిటికీల మధ్య దూరం

రైలు గోదావరి వంతెన మీద పోతోంది, కానీ పెట్టెలో బెంచీలు లేవు, వాటి చోట వకుళ అన్నయ్య సోమలింగం లేతు, ఇనుము కోసి మరలు తీసే మెషిన్, ఉంది. రాజమండ్రిలో పెరటి రేకుల షెడ్డులో ఉండాల్సిన ఆ లేతు రైలెలా ఎక్కిందో, ఎవరు ఎక్కించారో వకుళకి వింతగా అనిపించడం లేదు. ఇనప ముక్కని పట్టి తిప్పే స్పిండిల్ చప్పుడూ పట్టాల చప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కిటికీ బయట వంతెన దూలాలు ఒకదాని వెంట ఒకటి వెనక్కి పరిగెడుతుంటే ఎండ లోపలికి ముక్కలు ముక్కలుగా పడుతోంది, వెలుగు, నీడ, వెలుగు, నీడ. లేతు పక్కన బనీనుతో, చెవి మీద పెన్సిలుతో అన్నయ్య నిలబడి ఉన్నాడు.

ఆయన పోయి నాలుగు నెలలైందని ఆమెకి తెలుసు. తెలిసినా, ఇంటికొచ్చిన మనిషి ముందు అనకూడని మాటలా దాన్ని దాచుకుంటోంది.

"మీరాసాబు బండి ఇరుసు అయిందా?" అంటున్నాడు సోమలింగం, లేతుకి బిగించిన ముక్క మీంచి కళ్లు తిప్పకుండా.

"కాలేదన్నయ్యా."

మీరాసాహెబ్ మిక్సీలు బాగుచేసుకు బతికే మనిషి. రెండు కాళ్లూ చిన్నప్పుడే చచ్చుబడ్డాయి, చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీదే ఊరంతా తిరిగేవాడు. ఆ బండి ఇరుసుకి మర అరిగిపోయింది. పాతకాలపు మర కాబట్టి బజార్లో దొరికే నట్టేదీ దానికి పట్టడం లేదు. కొత్త ఇరుసూ నట్టూ తానే చేసిస్తానని సోమలింగం మాటిచ్చాడు. ఆ పని మధ్యలోనే ఆయన పోయాడు, అప్పట్నుంచీ మీరాసాహెబ్ గుమ్మం దాటలేదు. ఇదంతా వకుళ చెప్పడం లేదు, పెట్టె గోడ మీద ఎవరో రాసి పెట్టినట్టుగా ఇద్దరూ దాన్ని చదువుకుంటున్నారు.

"నేనే చెడగొట్టాను," అంటోంది వకుళ. "దుమ్ము పట్టిందని, తిరుగుడు లెక్కపెట్టే సెన్సర్లు రెండూ ఊడదీశాను. నువ్వెక్కడ బిగించావో గీతైనా గీసుకోలేదు. తిరిగి పెట్టాక మొదటి కోత బాగానే పడుతోంది. రెండో కోత ఆ గాడిలో పడకుండా పక్కకి పోతోంది. మర మొత్తం నుజ్జయిపోతోందన్నయ్యా. పదకొండు ముక్కలు పాడుచేశాను."

"పదకొండేనా? నేను ఇరవై దాటించాను." నవ్వుతుంటే ఆయన పై పన్ను లేని సందు కనిపిస్తోంది. ఆ పన్ను ఆయనకి ఆరేళ్ల కిందటే ఊడింది, అయినా ఇప్పుడే చూసినట్టుగా ఆమెకి జాలేస్తోంది.

లేతు ముందు ఇప్పుడు అన్నయ్య లేడు, నిక్కరేసుకున్న పదేళ్ల సోమలింగం ఉన్నాడు, గొంతు మాత్రం పెద్దవాడిదే. "నిడదవోలు పిన్నింటికి వెళ్లేటప్పుడు ఆడేవాళ్లం, గుర్తుందా? నేను ముందు కిటికీలో, నువ్వు వెనక కిటికీలో. దూలం కనబడగానే 'వచ్చింది' అనాలి. అమ్మ కళ్లు మూసుకుని కూర్చునేది."

"మన కేకలు విని రైలు ఎటు పోతోందో చెప్పేది."

"ఎలా చెప్పేది?"

"నువ్వు ముందు అరిస్తే ముందుకి పోతోందని. నేను ముందు అరిస్తే వెనక్కి పోతోందని."

"మరి నువ్వు మారాం చేసి నా కిటికీలోనే తల దూర్చిన రోజు?"

"ఇద్దరం ఒకేసారి అరిచాం. అమ్మకి ఏమీ తెలీలేదు," అంటోంది వకుళ, అంటూనే తాను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్ ల్యాబులో పిల్లలకి చెబుతున్నట్టు చెయ్యి ఎత్తుతోంది, చూస్తే అది ల్యాబే, బల్లల కింద నుంచి గోదావరి నీళ్లు మెల్లగా పోతున్నాయి. స్పిండిల్ వెనక కంతలు కోసిన రేకు బిళ్ళ తిరుగుతోంది, దాని అంచున పక్కపక్కనే రెండు సెన్సర్లు, అవతలి చిన్న దీపం వెలుగు కంతలోంచి ఎప్పుడొస్తుందా అని చూస్తూ. "దూరం సరిగ్గానే పెట్టానన్నయ్యా. పావు కంత తేడా. ఒకటి చూశాక కొంచెం ఆగి రెండోది చూసేలా. స్కోపు తెర మీద కూడా చూసుకున్నాను, రెండు సెన్సర్ల గీతలూ చక్కగా వచ్చాయి."

"ఎక్కడ చూశావు?"

"ఊడదీసి ల్యాబుకి పట్టుకెళ్లి, బల్ల మీద."

"అయితే పెట్టడంలో తప్పేం లేదు కదే. దాన్నెందుకు నెత్తినేసుకుంటావు?"

ఆ మాటతో ఆమె నోట్లోంచి వేరే మాట జారుతోంది, ఇన్నాళ్లూ వదిన దగ్గర కూడా అనలేనిది. "ఆ ఆదివారం నువ్వు రమ్మంటే రాలేదు."

"దేనికి రమ్మన్నాను?"

"టార్చి పట్టడానికి."

"అంతే కదా. రాలేదని టార్చి పళ్లతో పట్టుకుని లేతు వెనక బోల్టు బిగించాను. మెడంతా చొంగ కారింది. అంతకుమించి ఏం జరగలేదు."

"మంగళవారం నువ్వు పోయావు." అనకూడదనుకున్న మాట అనేసింది. పట్టాల చప్పుడు ఆగడం లేదు, ఆయన మొహమూ మారడం లేదు. "గుండెల్లో నొప్పి ముందు నుంచే ఉందంట కదా. వదినకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆ రోజు నేను వచ్చుంటే నీ మొహం చూసి కనిపెట్టేదాన్ని."

సోమలింగం చెవి మీది పెన్సిలు తీసి, దేని మీదా ఏమీ గీయకుండా మళ్లీ అక్కడే పెట్టుకుంటున్నాడు. "చెప్పాల్సింది," అంటున్నాడు. "చెబితే ఆస్పత్రిలో పడుకోబెడతారు, మీరాసాబు బండి ఆగిపోద్ది అనుకున్నాను. మీ వదినేమైపోద్దో అనుకోలేదు. అది తప్పే. కానీ అది నా తప్పు, చెల్లీ. నాది నాకుంచు. నువ్వు రాకపోడం వేరు, నేను చెప్పకపోడం వేరు, రెండూ కలిపేసి మోస్తున్నావు."

వకుళ ఏడుస్తోంది, ఏడుస్తుంటే తేలిగ్గా ఉంది, రైలు ఊపులో ఏడుపు కూడా ఊగుతోంది. వంతెన చివరికొస్తున్నట్టుంది, దూలాలు పలచబడుతున్నాయి, నీడలు తక్కువై వెలుగు ఎక్కువై, ఎండ ఒక పలకలా లోపలికొచ్చి తిరిగే రేకు బిళ్ళ మీద పడుతోంది. లేతు తిరుగుడు లెక్క చూపే తెరమీది అంకెలు తడబడుతున్నాయి. అన్నయ్య తొందరేమీ లేకుండా అరచెయ్యి చాపి సెన్సర్లకి గొడుగులా పడుతున్నాడు, అంకెలు మళ్లీ వరసలో పడుతున్నాయి.

"మూతొకటి చేద్దామనుకున్నాను. కుదర్లేదు," అంటున్నాడు.

"చెయ్యి తియ్యి అన్నయ్యా, కాలిపోద్ది."

"తీస్తే దానికి దూలాలు కనబడవే. అన్నీ వెలుగే అయిపోతాయి," అంటున్నాడు ఆయన, ఆఖరి దూలం వెనక్కి పోతోంది, వంతెన అయిపోయింది, పెట్టె నిండా తెల్లటి ఎండ, ఆ ఎండలో బనీను కూడా కలిసిపోతోంది, ఆ చెయ్యి మాత్రం ఇంకా ఉంది.

వకుళ కళ్లు తెరిచింది.

షెడ్డులో స్టూలు మీద కూర్చుని, లేతు పక్కన బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయింది. కాలేజీ నుంచి వచ్చి, పన్నెండో ముక్క బిగించి, మెషిన్ ఆన్ చేసే ధైర్యం చాలక అలా ఒరిగింది. గోడ గడియారం అయిదుకి పది తక్కువ చూపిస్తోంది. చెంపలు తడిగా ఉన్నాయి.

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి సరిగ్గా రేకు బిళ్ళ మీద పడుతోంది. ఆమె దానివైపు కదలకుండా చూసింది. రోజూ ఈ వేళకే ఆమె ఇక్కడికి వచ్చేది. రోజూ ఈ ఎండ ఇక్కడే పడేది. కంత ఉన్నా లేకపోయినా సెన్సర్లకి వెలుగే కనబడుతుంటే, పాపం అవి మాత్రం ఏం లెక్కపెడతాయి? ల్యాబులో బల్ల మీదికి ఎండ రాదు.

లేచి మెషిన్ ఆన్ చేసింది. స్పిండిల్ కవరు వెనక, తిరిగేదేదీ తగలకుండా, ఎడమ అరచెయ్యి ఎండకి అడ్డంగా పెట్టింది. మొదటి కోత పడింది. రెండోది మొదటి గాడిలోనే పడింది. మూడోది, నాలుగోది. చేతి వెనక చురుక్కుమంటున్నా తీయలేదు. తొమ్మిదో కోతకి మర అద్దంలా తేలింది. మెషిన్ ఆపి, ముక్క చల్లారాక, అన్నయ్య పోకముందే చేసి పెట్టిన నట్టు దానికి తొడిగి కుడిచేత్తో తిప్పింది. ఎక్కడా పట్టకుండా, వదులు లేకుండా, చివరిదాకా వెళ్లింది.

వెనక అడుగుల చప్పుడైంది. వదిన నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. సోమలింగం పోయాక ఆమె ఈ షెడ్డు వైపు రావడం ఇదే మొదలు. ఆమె నట్టుని చూడలేదు, ఇరుసునీ చూడలేదు. మెషిన్ ఆగినా ఎండకి అడ్డంగా అలాగే ఉండిపోయిన వకుళ ఎడమచేతినే చూస్తోంది.

"మీ అన్నయ్యా అంతేనమ్మా," అంది నూకరత్నం. "సాయంత్రమైతే చాలు, దాని ముందు అట్టాగే చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేవారు. ఎందుకండీ అంటే నవ్వేవారు గానీ చెప్పేవారు కాదు."